అన్ని -ఎన్‌లూ ఒకటి కాదబ్బయా

గిట్ అని, మనం రాసే కోడ్‌లో మార్పుల లెక్క దాచిపెట్టే సాఫ్ట్‌వేరు. దాంట్లో కమాండు పక్కన పెట్టే -ఎన్ అనే ఆప్షన్ ఉంది చూడండి, దాని కత ఎట్టుంటదంటే మా కోవూరు సైడు పెంచలయ్యా అని కేకేస్తే నలుగురు పలికినట్టే, ఒకాయన టైలరు, ఒకాయన కరెంటు పని, ఇంకొకాయనకి మనం బాకీ. గిట్ క్లీన్ పక్కన -ఎన్ పెడితే డ్రై-రన్, అంటే ఏ ఫైళ్ళు పోతాయో ఉత్తినే చూపించి ఊరుకుంటది, దేన్నీ ముట్టుకోదు. అదే మార్పుల్ని ఖాయం చేసి దాచే కమిట్ పక్కన పెడితే నో-వెరిఫై, అంటే ప్రీ-కమిట్ హుక్కుల్ని (కమిట్‌కి ముందు తప్పులు పట్టే కాపలా స్క్రిప్టులు) పక్కకి నెట్టేసి నేరుగా కమిట్ చేసేస్తది. చెర్రీ-పిక్‌లో నో-కమిట్, అంటే కమిట్ చెయ్యొద్దని, ఫెచ్‌లో ట్యాగులు తేవద్దని, లాగ్‌లో అయితే ఎన్ని కమిట్లు చూపించాలో ఆ లెక్క. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినాక తలా ఒక చెయ్యి వేసిన సరుకు గదా, అట్నే ఉంటది మరి.

ఇదంతా మా పిన్ని కొడుక్కి పట్టలా. నెల్లూరులో ఇంటి నుంచే పని, నా టీమే. టీమ్ గైడు సరిచెయ్యరా అని ఇస్తే ప్రతి కమాండు కిందా ఒకే లైను అతికించినాడు, "-ఎన్: ఏమీ జరగదు, ధైర్యంగా కొట్టుకోండి" అని. ఆ ధైర్యం ఎందుకు చెప్పాడో నాకిప్పటికీ తెలీదు. రివ్యూ నా దాకా వచ్చేలోపే ఇంకో సీనియర్ బొటనవేలు గుర్తు పెట్టి కలిపేసినాడు, ఆయన చదవడం సంగతి దేవుడెరుగు, స్క్రోల్ కూడా చెయ్యడు.

సాయంత్రానికి ఒంగోలు కుర్రోడి ఫోను. "అన్నా, ఊరికే చూద్దామని కమిట్ -ఎన్ కొట్టినా, ఏం కాలేదులే అనుకోని ఆనక సర్వర్‌కి పుష్ కూడా చేసినా, చూస్తే పాసువర్డు ఫైలుతో సహా పోయుండాది!" పాసువర్డులు పట్టుకునే హుక్కు ఒకటి పెట్టుకోనుండాం, దాన్నే గదా ఇది పక్కకి నెట్టింది. టెస్టు సర్వర్‌ది గాబట్టి మార్చేసుకోని బతికిపోయినాం.

మావోడికి ఫోన్ చేసినా. "ఏంరా, మాన్యువల్ చదివే రాసినావా?"

"చదివినా అన్నా, గిట్ క్లీన్‌ది మొత్తం చదివినా."

"మిగతావి?"

"అన్నిట్లో అదే -ఎన్ గదన్నా!"

పొట్టి ఆప్షన్లు తీసేసి పూర్తి పేర్లు రాయరా సామీ అన్నా. అరగంటలో మళ్ళీ పంపించినాడు, ఈసారి ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి, -ఎన్ కనపడ్డ చోటల్లా డ్రై-రన్. లాగ్ -ఎన్ 5 కాస్తా లాగ్ డ్రై-రన్ 5 అయింది. ఇంగ్లీషులో "నో" ముందర కూడా -ఎన్ ఉండేసరికి, శుభ్రంగా ఉన్న నో-వెరిఫై తలకాయ కూడా ఎగిరిపోయి "డ్రై-రన్నో-వెరిఫై" అని కూర్చోనుంది, దాని కిందనే తోడుగా "డ్రై-రన్నో-కమిట్". ఆ సీనియర్ అప్పటికే బొటనవేలు పెట్టేసుండాడు.