బెయిల్ వచ్చినా బయటికి రానివ్వని పీడీ యాక్ట్

ఒక వ్యక్తిపై మోసం కేసులు నమోదవుతాయి. కోర్టు బెయిల్ ఇస్తుంది. అంతలోనే పోలీస్ కమిషనర్ సంతకంతో పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం కింద ఉత్తర్వు వస్తుంది. ఇక ఏడాది వరకూ జైల్లో ఉంచవచ్చు. నేరం రుజువు చేయనక్కర్లేదు. తెలంగాణలో ఇది ఎంత మామూలైపోయిందంటే, 'పీడీ యాక్ట్ పెట్టారు' అన్న వార్త చదివి ఎవరూ ఆగి ఆలోచించడం లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన ఈ చట్టం మొదట దొంగసారా, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారుల లాంటివాళ్ల కోసం. తెలంగాణ 2018లో దాన్ని సవరించి నకిలీ విత్తనాలు, దొంగ పత్రాలు, సైబర్ నేరాలు, ఆర్థిక మోసాలనూ అందులో చేర్చింది. నకిలీ విత్తనాలతో పంట పోయిన రైతు కోపం న్యాయమైనదే. కానీ పీడీ యాక్ట్ ఆ రైతుకు ఏమిస్తుంది? ఏడాది తిరిగేసరికి నిందితుడు బయటికొస్తాడు. అసలు కేసులో సాక్ష్యాలు సేకరించి శిక్ష పడేలా చేయాల్సిన పని అలాగే ఉంటుంది.

2021లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసు చూడండి. షేర్లలో మంచి లాభాలిస్తానని డబ్బు తీసుకున్నాడంటూ ఒకరిపై ఐదు ఎఫ్ఐఆర్‌లు. ఐదింటిలోనూ బెయిల్ వచ్చింది. నిర్బంధ ఉత్తర్వు వెనకున్న అసలు కారణం ఆ బెయిలేనని కోర్టు తేల్చింది. బెయిల్ నచ్చకపోతే రద్దు చేయమని పై కోర్టుకు వెళ్లాలి. అక్కడ కారణాలు చెప్పాలి, అవతలి లాయర్‌కు జవాబివ్వాలి. పీడీ యాక్ట్‌లో ఆ బాధ లేదు.

శాంతిభద్రతల సమస్య వేరు, ప్రజా జీవనాన్నే కుదిపేసే అలజడి వేరు అని రామ్ మనోహర్ లోహియా కేసులో 1965లోనే సుప్రీంకోర్టు గీత గీసింది. ముందస్తు నిర్బంధం రెండోదానికే. తెలంగాణ ఉత్తర్వులు ఆ గీత దాటుతున్నాయని 2022లో, 2023లో మళ్లీ చెప్పింది. 2024లో గొలుసు దొంగతనాల కేసులో మరో ఉత్తర్వును కొట్టేస్తూ, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో పరిశీలించే సలహా బోర్డులు రబ్బరు స్టాంపుల్లా ఉండకూడదని హెచ్చరించింది.

ఆ హెచ్చరిక ఊరికే రాలేదు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, బోర్డు సరేననకుండా మూడు నెలలకు మించి నిర్బంధించకూడదు. కారణాలు తెలియజేయాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశమివ్వాలి. కానీ ఈ చట్టం కింద బోర్డు ముందు లాయర్‌ను పెట్టుకునే హక్కు లేదు. పెద్దగా చదువుకోని మనిషి తన మీద రాసిన పేజీలకు పేజీల ఆరోపణలకు ఒంటరిగా జవాబు చెప్పుకోవాలి. ఎమర్జెన్సీ చేదు అనుభవం తర్వాత, 1978లో 44వ సవరణతో ఆ మూడు నెలలను రెండుకు తగ్గించారు. పనిచేస్తున్న హైకోర్టు జడ్జే బోర్డుకు అధ్యక్షుడిగా ఉండాలన్నారు. ఆ భాగాన్ని ఏ కేంద్ర ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయమే!

అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసి గెలిచేసరికి నెలలు గడిచిపోతాయి. ఉత్తర్వు చెల్లదని తేలినా, పోయిన నెలలకు సంతకం పెట్టిన అధికారి సమాధానం చెప్పడు. కనీసం ఒక్క మార్పు వెంటనే కావాలి. బెయిల్ వచ్చిన మనిషిపై పీడీ యాక్ట్ పెట్టేటప్పుడు, బెయిల్ రద్దు కోసం కోర్టుకు ఎందుకు వెళ్లలేదో ఆ ఉత్తర్వులోనే రాయాలి. రాయలేకపోతే బోర్డు ఆ మొదటి విచారణలోనే ఆ మనిషిని వదిలేయమనాలి.