మజిల్ బ్రేక్ కొనేముందు పక్కనున్నవాళ్ళ చెవుల గురించి కూడా ఆలోచించండి

డీర్ సీజన్ (జింకల వేట కాలం) దగ్గరపడితే చాలు, ఇక్కడ టెక్సస్‌లో మనవాళ్ళు ఎవరో ఒకరు "అన్నా, రైఫిల్ భుజం మీద గట్టిగా తన్నుతోంది, ఏ మజిల్ బ్రేక్ తీసుకోమంటావ్" అని అడుగుతారు (తన్ను తగ్గడానికి తుపాకీ గొట్టం చివర బిగించే చిల్లుల ముక్క అది), చుట్టూ ఉన్నోళ్ళు తలో బ్రాండ్ పేరు చెప్పేస్తారు, ఏ క్యాలిబర్ (ఏ సైజు తూటా), రైఫిల్ బరువెంత, ఎక్కడ కాలుస్తావ్ అని మాత్రం ఎవరూ అడగరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

తన్ను రావడానికి కారణాలు రెండు. ఒకటి బుల్లెట్ ముందుకి పోవడం, రెండోది దాని వెనకాలే తుపాకీ మందు కాలిన గ్యాస్ బుల్లెట్ కంటే స్పీడ్‌గా బయటికి రావడం. బ్రేక్ తగ్గించేది ఆ గ్యాస్ వాటానే, దాన్ని పక్కలకీ కాస్త వెనక్కీ తిప్పుతుంది, అంతే. బుల్లెట్ వాటా జోలికి ఏ బ్రేకూ పోలేదు. అందుకే 70 గ్రెయిన్ల (మందు తూచే చిన్న కొలత) దాకా మందు పట్టే .300 విన్ మాగ్ అనే పెద్ద మాగ్నమ్ తూటాకి తేడా బ్రహ్మాండంగా తెలుస్తుంది, 40 పైచిలుకు పట్టే .308కి అంత ఉండదు, ఇక .223 అసలు తన్నితేగా! (కాంపిటీషన్ వాళ్ళు దానికీ బ్రేక్ పెడతారు, వాళ్ళ లెక్క వేరు, రైఫిల్ కదలకుండా బుల్లెట్ ఎక్కడ పడిందో వాళ్ళకి స్కోప్‌లో కనపడాలి.)

మరి ఆ తిప్పిన గ్యాస్ ఎక్కడికి పోతుంది? మీ మొహం వైపు, పక్క బెంచ్ వైపు. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు శబ్దం ఒక్కసారి విన్నా చెవికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. మామూలు రైఫిలే 160 అటూ ఇటూ ఉంటుంది, బ్రేక్ పెడితే కాల్చేవాడి చెవి దగ్గర ఇంకో 5 నుంచి 10 పెరుగుతుంది, 10 పెరగడమంటే శబ్దశక్తి పది రెట్లు అయినట్టు. మొన్న రేంజ్‌లో (గురి ప్రాక్టీస్ చేసే చోట) రేకుల షెడ్డు కింద ఒకాయన .300కి పెద్ద బ్రేక్ పెట్టుకొచ్చాడు, కాల్చినప్పుడల్లా చెంప మీద గాలి ఫెడీమని కొడుతోంది, నా బెంచ్ మీద టార్గెట్ కాగితాలు లేచిపోతున్నాయి, మా ఇద్దరి మధ్య తండ్రితో వచ్చిన పిల్లాడు ఇయర్‌మఫ్స్‌ని రెండు చేతులతో తలకి అదుముకుని కూర్చున్నాడు. చూడలేకపోయా.

జింక కోసమే అయితే తక్కువ తన్నే 6.5 క్రీడ్‌మోర్ తూటా రైఫిలో 7ఎంఎం-08దో తీసుకోండి, భుజానికి హాయి. ఉన్న రైఫిలే వాడాలంటే ముందు భుజానికి ఆనే చోట మంచి రీకాయిల్ ప్యాడ్ (మెత్తటి రబ్బరు) వేయించండి, స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు మీ చేతికి సరిపోయిందో లేదో చూడండి, మరీ తేలిక రైఫిల్ అయితే కొంచెం బరువు చేర్చండి. ఇవేవీ ఎవరి చెవులూ పాడుచేయవు. లేదంటే సప్రెసర్ (సైలెన్సర్), అది తన్నూ తగ్గిస్తుంది శబ్దమూ తగ్గిస్తుంది, దాని మీదున్న 200 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ కూడా 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు.

ఇంత చెప్పినా మాగ్నమ్‌కి బ్రేకే కావాలంటే సరే, పద్ధతిగా తీసుకోండి. మీ బ్యారెల్ చివరి థ్రెడ్ (మర) సైజు చూడండి, .223కి మామూలుగా 1/2-28 (అర అంగుళం వెడల్పు, అంగుళానికి 28 మరలు), .308, .300లకి 5/8-24. బ్రేక్ రంధ్రం బుల్లెట్ కంటే పెద్దగానే ఉండాలి, .30 (అంగుళాల్లో) బ్రేక్ దానికన్నా సన్నటి 6.5 (మిల్లీమీటర్లలో)కి పెట్టినా నడుస్తుంది (పనితనం కాస్త తగ్గుతుంది) గానీ 6.5 బ్రేక్ .30కి పెట్టారో ప్రాణాల మీదికొస్తుంది. చుట్టూ చిల్లులున్నది వద్దు, పడుకుని కాలిస్తే కిందున్న దుమ్మంతా కళ్ళలోకే. పక్క పోర్టులున్నది తీసుకుని, బిగించాక ఆ పోర్టులు సరిగ్గా కుడికీ ఎడమకీ చూసేలా సన్నటి షిమ్ వాషర్లు వేసి సరిచేయించండి, కొంచెం పక్కకి తిరిగినా తుపాకీ మూతి ఓ వైపుకి లాగుతుంది. రేంజ్‌లో లోపల ఫోమ్ ప్లగ్స్, పైన ఇయర్‌మఫ్స్, రెండూ ఉండాల్సిందే.

వేటకెళ్ళేటప్పుడు మాత్రం, ముఖ్యంగా బ్లైండ్‌లో (దాక్కునే గూడులో) మీ పక్కన ఇంకొకరు కూర్చునేటట్టుంటే, బ్రేక్ విప్పేసి థ్రెడ్ ప్రొటెక్టర్ (మరలని కాపాడే మూత) బిగించి వెళ్ళండి. విప్పితే జీరో (సరిచేసుకున్న గురి) మారొచ్చు కాబట్టి ఆ పని సీజన్‌కి ముందే చేసి రేంజ్‌లో చెక్ చేసుకోండి.