పీఎక్స్‌డీఎం0472 అంటే ఏమిటో చెప్పుకోండి

రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. పీఎక్స్‌డీఎం0472 పడిపోయిందట. అదేం చేసే ప్రోగ్రామో ఫోన్ చేసిన ఆపరేటర్‌కి తెలీదు, నాకూ తెలీదు. వడ్డీలు లెక్కగడుతుందా, జీతాలు వేస్తుందా, ఎవరి ఖాతా అయినా మూసేస్తుందా? పేరు చూసి పని తెలుసుకోవాలనుకునే అమాయకులు మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్) దగ్గర ఎక్కువకాలం నిలవరు.

‘ఏం చేస్తాం, 8 అక్షరాలే కదా ఇచ్చింది’ అంటారు పెద్దలు. నిజమే. లైబ్రరీలో మెంబర్ (ఫైలు లాంటిది) పేరుకి 8, జాబ్ (యంత్రానికి అప్పగించే పని) పేరుకి 8, అదీ అంకెతో మొదలుకాకూడదు. తెర మీద అప్పటికప్పుడు జరిగే పనులు నడిపే సీఐసీఎస్‌లో ట్రాన్సాక్షన్‌కైతే 4తో సరి. 1964లో వీటి పూర్వీకుడు, ఐబీఎం సిస్టమ్/360 వచ్చిన కాలంలో మెమరీ బంగారం. పొదుపు చేశారు, తప్పు పట్టను.

ఆ ఎనిమిదింటినీ పంచిపెట్టడానికి మాత్రం ఒక కమిటీ కూర్చుంటుంది. మొదటి అక్షరం పి. పి అంటే ప్రొడక్షనా, పేరోలా, ప్రోగ్రామా అని అరగంట వాదించుకున్నాక, పి అంటే పి అని మినిట్స్‌లో రాసుకున్నారు. రెండోది ఎక్స్, ఎందుకంటే మిగతావన్నీ అయిపోయాయి. మూడోది డి, అంటే రోజూ నడిచేది. (ఇప్పుడది నెలకోసారి నడుస్తోంది. పేరు మారిస్తే జేసీఎల్ (జాబ్ ఎలా నడవాలో చెప్పే ఆదేశాలు), షెడ్యూలర్, దీన్ని కాల్ చేసే ప్రోగ్రాములు అన్నీ మార్చాలి కనుక ఎవరూ దాని జోలికి పోరు.) నాలుగోది ఎం, మెయిన్ అని. మరి మిగతా ప్రోగ్రాములేమిటని ఎవరూ అడగలేదు, భోజనాల వేళయింది. చివరి నాలుగూ వరస నంబరు. అప్పుడు మూలన కూర్చున్న కొత్త కుర్రాడు లేచి, ‘సార్, ఇందులో వడ్డీ అన్న మాట ఎక్కడుంది?’ అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. ‘దానికి డాక్యుమెంట్ ఉంటుంది బాబూ’ అన్నారు చివరికి. ఉంది కూడా. ఏదో లైబ్రరీలో, ఏదో మెంబర్‌లో. ఆ మెంబర్ పేరూ 8 అక్షరాలే.

మెయిన్‌ఫ్రేమ్‌తోపాటే వచ్చే ఐఈఎఫ్‌బీఆర్14 అనే చిన్న ప్రోగ్రామ్‌కి ఉన్న నిజాయితీ వీళ్లెవరికీ లేదు. అది చేసే పని ఏమీ లేదు. ‘బీఆర్ 14’ అంటే పిలిచినవాడి దగ్గరికే తిరిగి వెళ్లమని చెప్పే ఇన్‌స్ట్రక్షన్, అదే దాని పేరులోనూ ఉంది. అంత చిన్నదాంట్లోనూ మొదట తప్పు దొర్లింది: రిటర్న్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) ఉండే 15వ రిజిస్టర్‌ని సున్నా చేయకపోవడంతో ఆ కోడ్ ఏది పడితే అది వచ్చేది. రెండో ఇన్‌స్ట్రక్షన్ చేర్చి సరిచేశారు. ఏ పనీ చేయని ప్రోగ్రామ్‌కి ఉన్నపాటి అర్థవంతమైన పేరు, జనం డబ్బు లెక్కగట్టే ప్రోగ్రామ్‌కి లేదు.

సరే, ప్రోగ్రామ్ తెరిచాను. ఎస్ జీరో సి సెవెన్ అబెండ్ (ప్రోగ్రామ్ మధ్యలో పడిపోవడాన్ని అలా అంటారు), అంటే అంకెలుండాల్సిన ఫీల్డులో చెత్త ఉంది. ఏ ఫీల్డు? డబ్ల్యూఎస్-ఏఎంటీ2. దాని పక్కనే డబ్ల్యూఎస్-ఏఎంటీ2-న్యూ. కింద డబ్ల్యూఎస్-టెంప్, డబ్ల్యూఎస్-టెంప్1, డబ్ల్యూఎస్-ఫ్లాగ్-3.

ఇక్కడ 8 అక్షరాల సాకు ఎక్కడుందయ్యా? ఈ ప్రోగ్రామ్ రాసిన భాష కోబాల్, అది 30 అక్షరాలు ఇచ్చింది! మధ్యలో గీతలు పెట్టుకోనిచ్చింది! మామూలు మాటల్లో రాసుకోండని పుట్టిన భాష అది. నెలవారీ వడ్డీ అని పూర్తిగా రాసినా ఇంకా చోటు మిగిలేది. ఏఎంటీ2 అట! ఏ ఎమౌంటు? ఎవరిది? అసలా, వడ్డీయా, జరిమానాయా? పది అక్షరాలు ఎక్కువ కొట్టడానికి ఒళ్లు వంగని మనిషి రిటైరై గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అతని బద్ధకానికి నేను రాత్రంతా కాపలా కాస్తున్నాను. ఇది స్టాండర్డ్ కాదు, వెనకొచ్చేవాడి మీద పగ.

నాలుగున్నరకి ఆ చెత్త ఎక్కడినుంచి వచ్చిందో దొరికింది. సరిచేసి, రీరన్‌కి జేసీఎల్ రాసి సబ్మిట్ చేశాను. వెంటనే పడింది. ఈసారి ఎస్ 806, అలాంటి ప్రోగ్రామే లేదు పొమ్మంది. పావుగంట తెర వంక చూశాక అర్థమైంది. 472కి ముందు సున్నా కొట్టాల్సిన చోట ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టాను.