కూర్చున్న చోటి చట్టమే పోకర్ టేబుల్‌కి చట్టం

మన సంఘం ఈసారి కన్వెన్షన్‌లో, నగల దుకాణాలకీ ఫ్లాట్లు అమ్మేవాళ్ళకీ మధ్య ఒక ఆన్‌లైన్ పోకర్ యాప్‌కి స్టాలు ఇచ్చింది. ప్రాయోజకుల జాబితాలో దాని పేరుంది. పాటల కార్యక్రమాల మధ్య తెర మీద దాని ప్రకటన కూడా తిరిగింది. స్టాల్లో కుర్రాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది ఒక్కటే: ఫోన్‌లో వీపీఎన్ (ఉన్న చోటుని దాచి మరో చోటు చూపించే ప్రోగ్రాము) వేసుకుంటే ఏ రాష్ట్రంలో ఉన్నా, సెలవులకి ఏ దేశం వెళ్ళినా ఆట ఆగదని. విన్నవాళ్ళలో ఎం.ఎస్. చదవడానికి కొత్తగా వచ్చిన పిల్లలున్నారు, విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులున్నారు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు. మర్నాడు కొందరు పెద్దలు జ్యోతి వెలిగించి మొదలుపెట్టే సభలో జూదమేమిటని అడిగారు. కార్యవర్గం బ్యానరు తీయించి ఊరుకుంది. ఆ కుర్రాళ్ళు చెప్పింది తప్పని, నమ్మి ఆడితే ఏమవుతుందని మైకులో ఒక్కరూ చెప్పలేదు. బాధంతా అక్కడే ఉంది.

పేకాట మనకి కొత్త కాదు, అది ఆడేవాళ్ళంతా చెడిపోయినవాళ్ళూ కాదు. పోకర్ లెక్క, ఓర్పు, ఎదుటివాణ్ణి చదవడం తెలిసినవాళ్ళ ఆట. దాన్ని చట్టబద్ధంగా ఆడుకునే దారులు చాలా దేశాల్లో ఉన్నాయి. ఆ దారేదో చెప్పకుండా ఒకవైపు వీపీఎన్ అమ్మడం, మరోవైపు సంస్కృతి పేరుతో గదమాయించడం, రెండూ మన పిల్లల్ని చీకట్లోనే వదిలేస్తున్నాయి.

అసలు సూత్రం చిన్నది. పందెం కాసే క్షణంలో మీరు ఎక్కడ కూర్చుని ఉన్నారో అక్కడి చట్టం వర్తిస్తుంది. మీ పాస్‌పోర్టు ఏ దేశానిది, ఖాతా ఎక్కడ తెరిచారు, కంపెనీ సర్వరు ఏ దీవిలో ఉంది అన్నవి ఆ చట్టాన్ని తప్పించలేవు. ఆ చోట డబ్బుతో పోకర్ ఆడించడానికి లైసెన్సిచ్చే ప్రభుత్వ సంస్థ ఉండాలి, మీరు ఆడే సైటుకి ఆ లైసెన్సు ఉండాలి, ఆ సైటు నిబంధనలు మీలాంటి ప్రయాణికుణ్ణి ఒప్పుకోవాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా డిపాజిట్ చేయకండి. పేజీ అడుగున కురసావో అనే కరీబియన్ దీవి లైసెన్సు నంబరు చూసి చాలామంది నిశ్చింతపడతారు. అది టెక్సస్‌లో గానీ సింగపూర్‌లో గానీ చెల్లదు.

అమెరికాలో ఇది రాష్ట్రాల వ్యవహారం. నెవాడా, న్యూజెర్సీ, డెలావేర్, పెన్సిల్వేనియా, మిచిగన్, వెస్ట్ వర్జీనియా లాంటి కొద్ది రాష్ట్రాల్లోనే లైసెన్సున్న ఆన్‌లైన్ పోకర్ ఉంది. మనవాళ్ళు కిక్కిరిసి ఉన్న టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా, నార్త్ కరోలినాల్లో లేదు. కాలిఫోర్నియాలో కార్డ్‌రూముకి వెళ్ళి ఎదురెదురుగా కూర్చుని ఆడొచ్చు, ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడడానికి మాత్రం లైసెన్సే లేదు. వాషింగ్టన్ రాష్ట్రమైతే మరీ కఠినం. అక్కడ ఆన్‌లైన్ జూదం 2006 నుంచి క్లాస్ సి ఫెలనీ అనే తీవ్ర నేరం, కాగితం మీద ఐదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా దాకా వెళ్ళే నేరం. మామూలు ఆటగాళ్ళని పట్టుకుని కోర్టుకి లాగడం అరుదన్న ధైర్యంతో సియాటిల్ మిత్రులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. వీసా మీద బతికేవాళ్ళకి ఆ ధైర్యం తగదు. ఎందుకో ముందుకెళ్ళాక చెబుతాం.

లైసెన్సున్న రాష్ట్రంలో ఆడడానికి అక్కడి నివాసి అయ్యుండనక్కర్లేదు, 21 ఏళ్ళు నిండి ఆ గడ్డ మీద ఉంటే చాలు. డాలస్ నుంచి పెళ్ళికి న్యూజెర్సీ వచ్చినవారు ఆ వారాంతం అక్కడ ఖాతా తెరిచి ఆడొచ్చు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇంట్లో ఆడేవారు రైలెక్కి న్యూయార్క్‌లోని మన్‌హటన్ ఆఫీసుకి చేరితే అదే ఖాతాలో టేబుల్ తెరుచుకోదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని విజిటర్లకి రిజిస్ట్రేషన్ ఆ గడి దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు డబ్బు వేయకముందే కస్టమర్ సర్వీసుకి రాసి, పాస్‌పోర్టుతో గుర్తింపు ఒప్పుకుంటారో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. భార్య ఖాతా, తమ్ముడి ఖాతా వాడుకోవడం ప్రతి సైటూ నిషేధించిన పనే. గెలిచిన డబ్బు అక్కడే పోవచ్చు.

ఇక ఫోనూ ల్యాప్‌టాపూ ఎక్కడ మొరాయిస్తాయో చూద్దాం, ప్రయాణంలో ఎక్కువ ఇబ్బంది వీటితోనే. లైసెన్సున్న సైటు మీ ఐపీ అడ్రసొక్కటే (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) చూడదు. ఫోన్‌లో జీపీఎస్, చుట్టుపక్కల వైఫై నెట్‌వర్కుల జాబితా, మెషీన్‌లో నడుస్తున్న ప్రోగ్రాములు కూడా చూస్తుంది. అందుకే కేబుల్‌తో మాత్రమే నెట్ ఉన్న డెస్క్‌టాపు ఇంట్లో ఉన్నా ఫెయిలవుతుంది. చుట్టూ ఉన్న వైఫైలని చూడడానికి దానికి కన్ను లేదు, ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టి ఆన్ చేస్తే సరిపోతుంది. దూరం నుంచి కంప్యూటర్ నడిపే టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటివి వెనకాల నడుస్తున్నా తనిఖీ ఒప్పుకోదు, పూర్తిగా మూసెయ్యాలి. ఆఫీసు ల్యాప్‌టాపుని ఈ పనికి ముట్టుకోవద్దు, కంపెనీ వీపీఎన్ ఎలాగూ అడ్డుపడుతుంది, ఆ రికార్డు మీ ఐటీ విభాగానికీ చేరుతుంది. ఫోన్‌లో యాప్‌కి ప్రిసైజ్ లొకేషన్ అనుమతి ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్లు ఆపేయాలి. ఐఫోన్‌లో సఫారీలో ఆడుతుంటే ఐపీని దాచే ప్రైవేట్ రిలే తీసేయాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమకపెట్టేది రోమింగ్. పరాయి దేశపు సిమ్ రోమింగ్‌లో ఉన్నప్పుడు డేటా సాధారణంగా సొంత దేశపు కంపెనీ గుండా తిరిగి బయటికొస్తుంది. మీరు అట్లాంటిక్ సిటీ హోటల్లో ఉన్నా, భారతీయ సిమ్ మీద ఐపీ అడ్రసు భారతదేశానిదే కనిపిస్తుంది. ప్రయాణాల కోసం కొనే ఈ-సిమ్‌లు ఇంకొంత చిక్కు, వాటిలో కొన్ని మీకు సంబంధమే లేని మూడో దేశం నుంచి నెట్‌లోకి వస్తాయి. జీపీఎస్ ఒక చోటు, ఐపీ మరో చోటు చెబితే సైటు దాన్ని మోసంగానే చూస్తుంది. డిపాజిట్ చేయకముందే బ్రౌజర్లో మీ ఐపీ ఏ దేశం చూపిస్తోందో వెతికి చూడండి. తేడా ఉంటే స్థానిక సిమ్ గానీ హోటల్ వైఫై గానీ వాడండి. తనిఖీ ఒక్కసారితో అయిపోదు, ఆట మధ్యలో మళ్ళీ మళ్ళీ జరుగుతుంది, సరిహద్దు దగ్గర మరీ తరచుగా. టోర్నమెంటు నడుస్తుండగా తప్పితే మిమ్మల్ని పక్కన కూర్చోబెడతారు. తప్పనిసరిగా వేయాల్సిన పందేలు (బ్లైండ్లు, యాంటీలు) మీ చిప్స్ లోంచి పోతూనే ఉంటాయి, ప్రవేశానికి కట్టిన డబ్బు (బై-ఇన్) వెనక్కి రాదు. టోర్నమెంటు కాకుండా నేరుగా డబ్బుతో ఆడే క్యాష్ గేమ్‌లో ఆ నష్టం లేదు, లేచి వచ్చేస్తే టేబుల్ మీది డబ్బు ఖాతాలో పడుతుంది. రాత్రికి విమానం ఉన్నవాళ్ళు ఐదారు గంటలు సాగే టోర్నమెంటులో చేరకపోవడమే మేలు.

పేర్ల సంగతి మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి అమెరికా వీసాలో ముందుపేరు చోట ఎఫ్ఎన్‌యూ (ముందుపేరు తెలియదని అర్థం) పడుతుంది. బ్యాంకు కార్డు మీద పేరు ముందుకీ వెనక్కీ మారి ఉంటుంది. డిపాజిట్ చేసేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, విత్‌డ్రా అడిగిన రోజు పాస్‌పోర్టు, కార్డు, చిరునామా కాగితం మూడూ కలవాలంటారు. కాబట్టి రిజిస్ట్రేషన్ నాడే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు నింపండి, కేవైసీ పూర్తయ్యాకే పెద్ద మొత్తం వేయండి, ఆ చోటు వదలకముందే డబ్బు తీసుకునే పని మొదలుపెట్టండి.

మిగతా దేశాల విషయం కొంత క్లుప్తంగా. కెనడాలో ఆంటారియో 2022 ఏప్రిల్ 4 నుంచి ప్రైవేటు సైట్లకి లైసెన్సు మార్కెట్ తెరిచింది. 19 ఏళ్ళు నిండి ఆ ప్రావిన్సులో ఉన్నవారు ఆడొచ్చు, టొరాంటో ఖాతా వాంకూవర్‌లో పనిచేయదు. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ పబ్లిక్ రిజిస్టర్‌లో సైటు పేరు వెతికితే లైసెన్సు సంగతి నిమిషంలో తెలుస్తుంది. అక్కడ 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం నిషిద్ధం, డెబిట్ కార్డు కావాలి. ఆస్ట్రేలియాలో 2017 సెప్టెంబర్ సవరణ తర్వాత అక్కడున్నవాళ్ళకి డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ ఆడించడమే నేరం. ఆటగాణ్ణి శిక్షించరు గానీ, మీకు తెరుచుకునే సైటేదైనా చట్టం బయటదే, డబ్బు ఆగితే ఫిర్యాదు తీసుకునే నాథుడుండడు. సింగపూర్‌లో 2022 చట్టం ప్రకారం లైసెన్సు లేని సైటులో ఆడినవారికే 10,000 సింగపూర్ డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు దాకా పడొచ్చు. ఇంట్లో స్నేహితులు ఎదురెదురుగా ఆడుకోవడానికి మినహాయింపుంది, అదే స్నేహితులు యాప్‌లో ఆడితే లేదు. ఎమిరేట్స్‌లో నేరం చేయడానికి వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల దగ్గర మొదలవుతుంది. దుబాయ్‌లో విమానం మారే నాలుగు గంటల్లో ఫోన్ తీసి ఆడే అలవాటున్నవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఇండియా వెళ్ళేటప్పుడు చాలామంది 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పుని గుర్తుచేస్తారు. సికిందరాబాద్ క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్న తీర్పది. అది రమ్మీ గురించి, క్లబ్బులో ఆడే ఆట గురించి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి ఆన్‌లైన్ డబ్బు ఆటలని ఆపాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టి, డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపినవాళ్ళకి, డబ్బు చేరవేసినవాళ్ళకి మూడేళ్ళ జైలు, కోటి రూపాయల జరిమానా దాకా. ప్రకటన చేసినవాళ్ళకి రెండేళ్ళు, 50 లక్షల దాకా. ఆ కేంద్ర చట్టంలో ఆటగాడికి శిక్ష లేదు. కానీ బంధువుల యూపీఐ ద్వారా ఎవరికైనా డబ్బు వేయించి ఆడించే మనిషి ఆటగాడి గీత దాటినట్టే.

ఇప్పుడు వీసా సంగతి. అమెరికా పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారం, మీరెప్పుడైనా చట్టవిరుద్ధంగా జూదమాడారా అని సూటిగా అడుగుతుంది. ప్రమాణం చేసి జవాబివ్వాలి. ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం రెండు జూదం నేరాల్లో శిక్ష పడినా, రాబడి ప్రధానంగా అక్రమ జూదం మీదదే అయినా సత్ప్రవర్తన లేనట్టు లెక్క. వీపీఎన్‌తో సియాటిల్ నుంచి ఆడడానికి వేసిన డబ్బుకి బ్యాంకు స్టేట్‌మెంటులో గుర్తు మిగలొచ్చు. పదేళ్ళు లైనులో నిలబడ్డవాళ్ళు ఆ ప్రశ్న ముందు తటపటాయించే స్థితి రాకూడదు.

పన్ను కూడా చూసుకోవాలి. అమెరికాలో పన్నులకి నాన్ రెసిడెంటుగా లెక్కకొచ్చే విజిటర్ గెలుపు మీద 30 శాతం పన్ను, ఓడిన డబ్బు తగ్గించుకునే వీలు సాధారణంగా లేదు. రెసిడెంట్లకి ప్రపంచంలో ఎక్కడ గెలిచినా అమెరికాలో పన్ను ఉంది, బ్రిటన్‌లో పన్ను లేని గెలుపు కూడా ఇక్కడ రాబడే. 2026 నుంచి నష్టాల్లో 90 శాతమే తీసివేయనిస్తారు. ఏడాదంతా లక్ష డాలర్లు గెలిచి లక్ష ఓడినవారికి చేతిలో ఏమీ మిగలకపోయినా 10,000 మీద పన్ను పడుతుంది. ఆడిన ప్రతి పూటా తేదీ, చోటు, సైటు, బై-ఇన్, తిరిగొచ్చిన మొత్తం రాసి ఉంచుకోండి.

అసలు మన మధ్య ఎక్కువగా నడుస్తున్నది లైసెన్సు సైట్లు కావు, వాట్సాప్ గ్రూపుల క్లబ్ యాప్‌లు. యాప్‌లో చిప్స్ ఉత్తుత్తివి, లెక్క వారాంతంలో బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే జెల్ మీద తేలుతుంది. నడిపే ఏజెంటు ప్రతి చేతిలో రేక్ (తన వాటా) తీసుకుంటాడు, అలా తీసుకున్న నాడే అది చాలా రాష్ట్రాల్లో స్నేహితుల ఆట హద్దు దాటి జూదం వ్యాపారమవుతుంది. ముగ్గురు ఫోన్ కాల్‌లో ఉండి ముక్కలు చెప్పుకుంటే నాలుగోవాడికి తెలిసే దారి లేదు. లైసెన్సున్న సైట్లకైతే కుమ్మక్కుని పట్టే విభాగం, ఫిర్యాదు వినే ప్రభుత్వ సంస్థ ఉన్నాయి. 2011 ఏప్రిల్ 15న ఫెడరల్ ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్లని అమెరికాలో మూయించినప్పుడు, వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్‌లోని అమెరికా ఆటగాళ్ళకి డబ్బు తిరిగి రావడం 2014లో గానీ మొదలు కాలేదు. అంత పెద్ద కంపెనీతోనే అలా అయితే వాట్సాప్ ఏజెంటు పారిపోతే ఎవరిని అడుగుతాం?

కార్యవర్గానికి మా విన్నపం ఇది. బ్యానర్ తీయించడంతో పని అయిపోయిందనుకోకండి. ప్రాయోజకుల దరఖాస్తులో రెండు గడులు చేర్చండి: లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ సంస్థ పేరు, లైసెన్సు నంబరు. అది మన కన్వెన్షన్ జరిగే రాష్ట్రంలో చెల్లుతుందో లేదో ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూశాకే స్టాలు ఇవ్వండి. సంఘం పేరున్న వాట్సాప్ గ్రూపుల్లోంచి క్లబ్ యాప్ లింకులు తీసేయించండి. ఆగస్టులో కొత్త విద్యార్థులకి బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు గురించి మీరిచ్చే కరపత్రంలో ఒక పేజీ దీనికి కేటాయించండి. 21 ఏళ్ళ నిబంధన, వీపీఎన్ ప్రమాదం, ఎన్-400 ప్రశ్న ఆ పేజీలో ఉండాలి. ఆట చేయిదాటుతోందనిపించినవాళ్ళకి లైసెన్సున్న సైట్లలో డిపాజిట్ పరిమితి పెట్టుకునే వీలు, తమని తాము బయట ఉంచుకునే వీలు ఉన్నాయని కూడా రాయండి. ఆ పేజీ రాసిపెట్టడానికి మేం సిద్ధంగా ఉన్నాం, వచ్చే సమావేశం అజెండాలో చేర్చండి.