ఆకాశరామన్నకూ చిరునామా!

రెండు వేల నోటులో చిప్పు ఉందని 2016 నవంబరులో ఊరూవాడా చెప్పుకున్నాం. భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి దొరికిపోతుందన్నారు. అదంతా ఉత్తిదేనని ప్రభుత్వం చెప్పాక నవ్వుకుని ఊరుకున్నాం. లేని గుర్తు మీద అంత గోల చేసిన మనకు, ఉన్న గుర్తు సంగతి ఇప్పటికీ పట్టలేదు. వీధి చివర జిరాక్స్ షాపులో పదో పరకో ఇచ్చి తీయించుకునే కలర్ ప్రింటులో అది ఎప్పటినుంచో కూర్చుని ఉంది.

అనుమానముంటే చూసుకోవచ్చు. కలర్ లేజర్ మిషన్ మీద తీసిన కాగితాన్ని చీకటి గదిలో నీలం ఎల్‌ఈడీ లైటు కింద పెట్టి, ఏమీ అచ్చుకాని తెల్లటి జాగాను భూతద్దంతో వెతకండి. చాలా కంపెనీల మిషన్లు అక్కడ ఆవగింజలో పదో వంతు ఉండే పసుపు చుక్కలు చల్లి ఉంటాయి. మామూలు వెలుతురులో అవి తెలుపులో కలిసిపోతాయి, నీలం వెలుతురులో నల్లగా తేలతాయి. 2005లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ జిరాక్స్ కంపెనీ డాక్యుకలర్ మిషన్ల చుక్కలను విప్పి చదివింది. నిలువు వరుసలు 15, అడ్డ వరుసలు 8 ఉన్న గడిలో మిషన్ సీరియల్ నంబరు, ప్రింటు తీసిన తేదీ, గంట, నిమిషం. పేజీ పొడవునా అదే ముద్ర, మళ్లీ మళ్లీ. మిషన్ కొన్నవారికి చెప్పలేదు, కాగితం తీసుకున్నవారికీ చెప్పలేదు.

నకిలీ సర్టిఫికెట్టో నకిలీ పాస్‌బుక్కో బయటపడ్డ ప్రతిసారీ ఈ బాపతు మందే చెబుతున్నారు గనుక ఈ ప్రస్తావన. అచ్చు కాగితంలోనే కంటికి ఆనని డిజిటల్ వాటర్‌మార్కు పెట్టేస్తే నకిలీల ఆట కట్టు అంటున్నారు. నకిలీల బెడద నిజమే, కాదనం. తెల్గీ అచ్చేసిన నకిలీ స్టాంపులు చూసిన దేశానికి ఆ మాత్రం భయం ఉండాల్సిందే. అయితే ప్రభుత్వ స్టాంపులు అచ్చువేసే నాసిక్ సెక్యూరిటీ ప్రెస్సు యంత్రాలే తెల్గీ చేతికి ఎలా వెళ్లాయో గుర్తు చేసుకుంటే, దొంగకు దారి ఎటునుంచి దొరుకుతుందో తెలుస్తుంది. కాగితం మీద గుర్తు పెడితే పెట్టండి, మాకు పేచీ లేదు. దాన్ని మన నుంచే దాచడమేమిటి?

రుజువు అన్నది కాగితం ఎవరిదో వారికీ కనిపించాలి. ఈ-స్టాంపు మీద నంబరుంటుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆధార్ మీద క్యూఆర్ కోడ్ కళ్లెదుటే ఉంటుంది. దాచిన వాటర్‌మార్కు అలా కాదు. అక్షరాల అంచుల్లోనో, బొమ్మలోని ముదురు లేత ఛాయల్లోనో పిసరంత మార్పు చేసి సంకేతం పొదుగుతారు. ఆ మార్పును పట్టే మిషన్ ఆఫీసులో ఉంటుంది. మన కాగితాలేమో ట్రంకుపెట్టెలో నాఫ్తలీన్ గోళీల మధ్య నాలుగు మడతల్లో ఉంటాయి. వానకు తడుస్తాయి, లామినేషన్‌కు వెళతాయి, మడత దగ్గర సిరా రాలిపోతుంది. సంకేతం చెదిరి మిషన్ ‘నకిలీ’ అందనుకోండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డ రైతు ఏం చూపించి కాదంటాడు? తనకు కనపడని గుర్తు ఎందుకు పోయిందో సంజాయిషీ ఆయనే ఇచ్చుకోవాలా?

ఇంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. కాగితం అసలుదా కాదా అని తేల్చడానికి పెట్టిన గుర్తు, కాగితం ఎవరు తీశారని అడగడం మొదలుపెడుతుంది. పసుపు చుక్కల కథ అచ్చంగా ఇదే. కలర్ కాపీయర్లతో దొంగనోట్లు కొడతారన్న భయంతో 1980ల నడుమ మొదలైన ఏర్పాటది. 2017 జూన్‌లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ పత్రం ఒకటి ‘ది ఇంటర్‌సెప్ట్’లో వచ్చినప్పుడు, ఆ పేజీ మీది చుక్కల్లో ‘మే 9, 6.20’ అని ప్రింటు తీసిన వేళ ఎవరైనా చదువుకునేలా ఉంది. రష్యన్లు ఎన్నికల వ్యవస్థపై చేసిన సైబర్ దాడి గురించిన పత్రమది. బయటపెట్టిన కాంట్రాక్టు ఉద్యోగిని రియాలిటీ విన్నర్‌కు 5 ఏళ్ల 3 నెలల జైలు. చుక్కలతో పట్టుకున్నామని ప్రభుత్వం చెప్పలేదు. ఆ పత్రం ప్రింటు తీసిన ఆరుగురి లెక్క కంప్యూటరులోనే దొరికింది. కానీ చుక్కలూ అక్కడే ఉన్నాయి. దొంగనోటు కోసం పెట్టిన గుర్తుకు నోటుతో ఏ సంబంధమూ లేని కాగితం మీద ఏం పని?

తెలుగు పత్రికల ఆఫీసులకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. ఇసుక, భూములు, టెండర్ల గుట్టు చాలాసార్లు మాకు చేరేది సంతకం లేని కవరులోనే. ఆకాశరామన్న ఉత్తరమని వెక్కిరించే అధికారులకు ఆ రామన్న ఎవరో తెలుసుకోవాలని ఎంత ఆరాటమో మాకు తెలుసు. ఏ సెక్షను మిషన్ మీద, ఏ పూట తీశారో కాగితమే చెప్పేస్తే, రేపు ఏ గుమాస్తా కవరు అంటిస్తాడు?

దాచడంలో మన సర్కార్ల చేయి ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ హక్కు కోసమేనంటూ తెచ్చిన 2023 డేటా చట్టంలో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులు రాసుకున్నారు. అదే చట్టంతో సమాచార హక్కుకు కోత పెట్టి, ‘వ్యక్తిగత సమాచారం’ అంటూ తలుపేసుకునే వీలూ కల్పించుకున్నారు. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడమే ఆపేశారు, 2024లో ప్రభుత్వం మారాక గానీ మళ్లీ మొదలుకాలేదు. అంతకుముందు తెల్లకాగితాల్లాంటి ఖాళీ జీవోలూ చూశాం. తమ కాగితం జనానికి కనపడకూడదు, జనం కాగితం మాత్రం తమతో గుసగుసలాడాలి! ఇదెక్కడి న్యాయం?

గుర్తు పెట్టాలనుకునే శాఖ ఏదైనా సరే, టెండరు పిలవకముందే జీవోలో రాయాలి. ఏ కాగితం మీద పెడుతున్నారు, అందులో ఏ వివరం దాస్తున్నారు, దాన్ని ఎవరు చదవొచ్చు, మిషన్ తప్పు చెబితే మొర ఎక్కడ పెట్టుకోవాలి. ఆ జీవోనైనా వెబ్‌సైట్‌లో పెట్టండి.