గీత మాంసం దగ్గరే ఎందుకు?

వాతావరణం మీది బెంగతో చికెన్ మానేసి, ఆ లోటును చీజ్‌తో పూడ్చుకున్న మనిషిని ఊహించుకోండి. కోడిమాంసం రూపంలో వంద గ్రాముల ప్రొటీన్ మన కంచంలోకి రావాలంటే సగటున 5.7 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన గ్రీన్‌హౌస్ వాయువులు గాల్లో కలుస్తాయి. అదే ప్రొటీన్ చీజ్ నుంచి రావాలంటే దాదాపు 11 కిలోలు. అంటే శాకాహారిగా మారాక ఆ మనిషి భూమి మీద మోపే బరువు తగ్గకపోగా ఆ మేరకు పెరిగింది.

ఈ లెక్కలు జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలోవి. 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల, పశుశాలల సమాచారం దానికి ఆధారం. తిండి గురించి వాదన వచ్చినప్పుడల్లా శాకాహారం వైపు వాళ్లు దీన్నే ముందుకు తోస్తారు. అందులో చీజ్ ఉన్న వరుస దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది వేలు పక్కకు జరుగుతుంది.

మాంసమా, శాకాహారమా అన్న చర్చలో నిజానికి మూడు ప్రశ్నలు ముద్దగా కలిసిపోయి ఉంటాయి. నా ఒంటికి ఏది మంచిది? భూమికి ఏది తక్కువ చేటు? ఆ జంతువుకు ఏం జరుగుతోంది? ఒక ప్రశ్నకు దొరికిన సాక్ష్యాన్ని తెచ్చి ఇంకో ప్రశ్నకు అతికించడం అందరికీ అలవాటైపోయింది. విడదీసి చూస్తే ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల గీత గీస్తాయి. ఏ గీతా సరిగ్గా మాంసం అంచున పడదు.

ఒంటి సంగతి ముందు చూద్దాం, అందరూ ముందు చెప్పే కారణం అదే కాబట్టి. నా మటుకు మూడింటిలో బలహీనమైనది కూడా అదే.

2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం సాసేజ్, బేకన్, హామ్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. పొగాకు ఉన్నది కూడా ఆ జాబితాలోనే. దాంతో మాంసం తినడం, సిగరెట్ కాల్చడం ఒకటే అన్న ప్రచారం మొదలైంది. ఆ జాబితా చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్నదే. ప్రమాదం ఎంత పెద్దదన్నది అది చెప్పదు. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ సంస్థ అంచనా. జీవితకాలంలో వందమందిలో ఐదుగురికి ఆ జబ్బు వస్తుందనుకుంటే, రోజూ తినే వందమందిలో దాదాపు ఆరుగురికి వస్తుందన్నమాట. కొట్టిపారేయదగ్గ తేడా కాదు, సిగరెట్ అంతటిదీ కాదు. తాజా రెడ్ మీట్‌ను, అంటే గొడ్డు, గొర్రె, మేక లాంటి వాటి మాంసాన్ని, అదే సంస్థ ఒక మెట్టు కింద, ‘బహుశా కారకం’ అన్న జాబితాలో పెట్టింది. కోడి, చేప ఆ లెక్కలోకే రాలేదు.

ఇక ఆయుష్షు. అమెరికాలో అడ్వెంటిస్టు క్రైస్తవుల మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. 73 వేల మందికి పైగా పాల్గొన్న అందులో శాకాహారుల మరణాల రేటు మిగతావారికంటే 12 శాతం తక్కువ అని తేలింది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దశాబ్దాలుగా నడుపుతున్న అధ్యయనంలో మాత్రం, అన్ని కారణాల మరణాలనూ కలిపి చూస్తే ఇరువర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాళ్లే 2019లో ఇంకో ఫలితం ఇచ్చారు. 48 వేల మందిని 18 ఏళ్లు గమనిస్తే శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ. మరుసటి ఏడాది, పాలూ గుడ్లూ కూడా ముట్టని వీగన్లలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువని తేల్చారు. ఎవరికి కావలసిన అంకె వాళ్లు ఏరుకోవడానికి ఇంతకంటే అనువైన రంగం ఇంకోటి ఉండదేమో.

దీనికితోడు, మాంసం మానేసినవాళ్లు చాలాచోట్ల పొగ కూడా తక్కువ తాగుతారు, ఎక్కువ నడుస్తారు, సన్నగా ఉంటారు. గణితంతో వీటిని వేరు చేయడానికి ప్రయత్నిస్తారు గానీ పూర్తిగా విడదీయడం ఎవరి తరమూ కాదు. నాకు వీటన్నిటికంటే ఎక్కువ నచ్చినది 2017లో అమెరికా నుంచి వచ్చిన ఒక పరిశోధన. అది మొక్కల నుంచి వచ్చే తిండినే రెండుగా చీల్చింది. ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, గింజలు ఒకవైపు; తెల్లపిండి, చక్కెర పానీయాలు, వేపుళ్లు, మిఠాయిలు ఇంకోవైపు. మొదటి రకం ఎక్కువగా తిన్నవాళ్లలో గుండెజబ్బు తగ్గింది. రెండో రకం తిన్నవాళ్లలో పెరిగింది. కూల్‌డ్రింకూ చిప్సూ కూడా శాకాహారమే కదా! ఒంటికి సంబంధించిన గీత జంతువుకూ మొక్కకూ మధ్య లేదు, ఫ్యాక్టరీలో నలిగిన తిండికీ నలగని తిండికీ మధ్య ఉంది.

శాకాహారంలో ప్రొటీన్ చాలదన్న భయం గురించి రెండు మాటలు చాలు. ప్రొటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాల్లో లైసిన్ ధాన్యాల్లో తక్కువ, మెథియోనిన్ పప్పుల్లో తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఒకే పూటలో కలిపి తినాలన్న నియమమూ లేదు, ఆ రోజు మొత్తంలో అందితే చాలు. ఐరన్ కొంచెం చిక్కు. మాంసంలో ఉండే హీమ్ ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది, మొక్కల్లోది అంత తేలిగ్గా పట్టదు. భోజనంతో పాటు పుల్లటి పండు తింటే మేలు, వెంటనే టీ తాగితే కీడు.

అసలు చూడవలసింది బి12 విటమిన్. మనుషులు చనిపోయే ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే నయమవుతోందని కనిపెట్టిన ముగ్గురు వైద్యులకు 1934లో నోబెల్ వచ్చింది. ఆ కాలేయంలో ఉన్న పదార్థాన్ని 1948లో విడదీశారు. దాని నిర్మాణాన్ని తేల్చిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ దక్కింది. తమాషా ఏమిటంటే దీన్ని జంతువూ తయారు చేయదు, మొక్కా తయారు చేయదు. చేసేది బ్యాక్టీరియా. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు తయారు చేస్తే అది మాంసంలోకి, పాలలోకి చేరుతుంది. మొక్కల తిండి నుంచి నమ్మకంగా దొరకదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములు, అంటే కంటికి కనిపించనంత. పైగా కాలేయం దీన్ని ఏళ్ల తరబడి దాచుకోగలదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. అన్నీ మానేసిన మనిషి రెండేళ్లు, మూడేళ్లు హాయిగా తిరుగుతూ ‘చూశారా, నాకేమీ కాలేదు’ అంటాడు. ఆ తర్వాత కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, మతిమరుపు మొదలవుతాయి. ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. ఆకుకూరల నుంచి ఫోలేట్ అనే ఇంకో విటమిన్ దండిగా అందుతుంటే రక్తపరీక్షలో రక్తహీనత కనిపించక లోపల జరిగేది కప్పిపుచ్చబడుతుంది కూడా. దీనికి మందు ఒక చవకైన మాత్ర. అది వేసుకోవడం సిద్ధాంతానికి మచ్చ అనుకునే వీగన్లను చూశాను. ఆ పట్టుదల నాకు ఎప్పటికీ అర్థం కాదు.

భూమి విషయంలో సాక్ష్యం ఇంత తికమకగా లేదు. బీఫ్ నుంచి వచ్చే వంద గ్రాముల ప్రొటీన్‌కు సగటున 50 కిలోల వాయువులు, బఠాణీకి అరకిలో కంటే తక్కువ. కారణం నెమరువేత. గడ్డిని పులియబెట్టే క్రమంలో పశువు కడుపులో మీథేన్ పుడుతుంది, అది ఎక్కువగా త్రేనుపుల రూపంలో బయటికి వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. వ్యవసాయ భూమిలో 83 శాతాన్ని మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకం ఆక్రమిస్తున్నాయి, బదులుగా అవి ప్రపంచానికి ఇచ్చేది 18 శాతం కేలరీలు, 37 శాతం ప్రొటీన్.

దీనికి మాంసాహారుల దగ్గర ఒక గట్టి జవాబు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పశువులు మేసే దాణాలో 86 శాతం మనిషి తినలేనిదే: గడ్డి, చొప్ప, తెలకపిండి లాంటివి. దున్నడానికి పనికిరాని బీడును ఆహారంగా మార్చగలిగేది ఆవూ గొర్రే తప్ప మనం కాదు. నిజమే. కానీ మిగిలిన కొద్దిశాతమే ప్రపంచంలో పండే ధాన్యంలో దాదాపు మూడో వంతు. బీడులో మేసే మంద కథ చెప్పి ధాన్యం మేపే మంద మాంసం అమ్ముతున్నారు. ‘మన చుట్టుపక్కల పండింది తింటే చాలు’ అన్న మాట వినసొంపుగా ఉంటుంది గానీ, ఆహారం వల్ల వెలువడే వాయువుల్లో రవాణా వాటా చాలా చిన్నది. ఎక్కడ పండింది అన్నదానికంటే ఏం పండింది అన్నదే లెక్క.

అంటే భూమి గీసే గీత నెమరువేసే పశువు దగ్గర పడుతుంది. బీఫ్, గొర్రెమాంసం ఒకవైపు. చీజ్ వాటి వెనకాలే నిలబడుతుంది. చికెన్, గుడ్లు చాలా కిందికి ఉంటాయి. డాక్టర్లు కూడా గుండె పేరు చెప్పి ఇదే సలహా ఇస్తారు: రెడ్ మీట్ తగ్గించి చికెన్ తినండి. ఒంటికీ భూమికీ ఒకే మందు దొరికిందని నేనూ సంబరపడ్డాను. కొన్నేళ్లు అలాగే తిన్నాను.

మూడో ప్రశ్న వేసుకునేదాకా ఆ సంబరం నిలిచింది. ఒక ఆవు నుంచి రెండు వందల కిలోల పైచిలుకు మాంసం వస్తుంది. కోడి నుంచి కిలోన్నర. ఒక ఆవును వదిలేసి అంతే మాంసం కోళ్ల నుంచి తిన్నప్పుడు వందకు పైగా ప్రాణాలు పోతాయి. పోవడం ఒక్కటే కాదు, బతికిన తీరు కూడా చూడాలి. బీడులో మేసిన పశువు కొంతకాలమైనా ఎండా గాలీ చూస్తుంది. బ్రాయిలర్ కోడి షెడ్డులోనే పెరిగి, సుమారు ఆరు వారాలకు కోతకు వెళుతుంది. కాళ్లు మోయలేనంత వేగంగా రొమ్ము పెరిగేలా దాని జాతినే మలిచారు. ప్రపంచంలో ఏటా మనిషి తిండి కోసం చంపే నేల జంతువులు దాదాపు ఎనిమిది వేల కోట్లు. అందులో అత్యధికం కోళ్లే. వాతావరణం పేరుతో ఇచ్చే సలహా ఈ అంకెను పెంచుతుంది. ఇది ఎక్కడో మూలనున్న చిన్న వైరుధ్యం కాదు, ‘తక్కువ మాంసం, మంచి మాంసం’ అనే మాట నడిబొడ్డున కూర్చున్నది.

ఈ కోణంలో శాకాహారం మాత్రం కడిగిన ముత్యమా? గుడ్లు పెట్టే జాతిలో పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి తగినంత పెరగదు. అందుకని చాలాచోట్ల పొదిగిన రోజే వాటిని ఏరి చంపేస్తారు. జర్మనీ దీన్ని 2022 జనవరి నుంచి నిషేధించింది. చాలా దేశాల్లో ఇంకా నడుస్తోంది. ఈనకుండా ఆవు పాలివ్వదు. ఈనిన ప్రతిసారీ సగం మటుకు మగదూడలే, డెయిరీకి వాటితో పనిలేదు. పాలిచ్చే ఆవు కూడా దిగుబడి తగ్గాక ఎక్కడికి చేరుతుందో అందరికీ తెలుసు. అంకెల్లో చూస్తే, బీఫ్ మాత్రమే తినే మనిషికంటే రోజూ రెండు గుడ్లు తినే మనిషి ఎక్కువ జంతువుల బతుకుల్ని ముట్టుకోవచ్చు. పంట పొలాల్లో ఎలుకలూ పురుగులూ చావడంలేదా అని కొందరు ఎదురు అడుగుతారు. చస్తాయి. దాణా కోసం వేసే పొలాల్లో కూడా చస్తాయి కాబట్టి ఆ వాదన వాళ్లకే ఎదురు తిరుగుతుంది.

జంతువు ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది కాదు, బాధపడగలదా అన్నదే ప్రశ్న అని ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథమ్ 1789లోనే రాశాడు. కోడి బాధపడుతుందన్న విషయంలో ఇవాళ పెద్దగా వివాదం లేదు. అయినా ఈ కారణం చెప్పి మాంసం మానేవాడికంటే కొలెస్ట్రాల్ చెప్పి మానేవాడిని పక్కవాళ్లు తేలిగ్గా ఒప్పుకుంటారు. ఆరోగ్యం అంటే ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు. జంతువు పేరెత్తితే ఎదుటివాడి కంచం మీద తీర్పు చెప్పినట్టు ఉంటుంది. బలమైన కారణం నోట్లోనే ఆగిపోయి బలహీనమైన కారణం బయటికి రావడం వెనక ఈ మొహమాటమే ఉందని నా అనుమానం. పర్యవసానం ఏమిటంటే, కొలెస్ట్రాల్ రిపోర్టు బాగానే వచ్చిన రోజున మానేసిన మాంసం మళ్లీ కంచంలోకి వస్తుంది.

ఆ కోళ్ల లెక్క వేశాక నేను చికెన్ మానేశాను, ఒక ఏడాది తర్వాత గుడ్లు కూడా. బి12 మాత్ర వేసుకుంటున్నాను. పాలు మాత్రం ఇంకా మానలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే కాల్షియం అని అనబోయి ఆగిపోతాను. అలవాటు, అంతే.