అర సెకను దాంపత్యం

పెళ్ళికి ముందు గణాలు చూస్తారు, నాడి చూస్తారు. కుజదోషం అంటే శాంతి చేయిస్తారు. అబ్బాయి జీతం, అమ్మాయి చదువు, ఇరుపక్కల పొలాల సర్వే నంబర్ల దాకా ఆరా తీస్తారు. ఇంత విచారణలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు: ఈ ఇద్దరూ కలిసి అర సెకను కదలకుండా నిలబడగలరా? ఏడడుగులు నడిపించి చూస్తాం గానీ, ఒక్కసారి నిలబెట్టి చూడం. ఈ నిర్లక్ష్యానికి ఫలితం బ్రహ్మోత్సవాల రాత్రుల్లో తిరుపతిలో ఏ కూడలికి వెళ్ళినా కనబడుతుంది. దీపాలంకారాల ముందు జంటలు బారులు తీరి ఫొటోలు దిగుతుంటాయి. ఇంటికి పోయి చూసుకుంటే గోపురం గోపురంలాగే ఉంటుంది, ఆలుమగలు మాత్రం ఆవిరైపోయి ఉంటారు.

నింద ఎప్పుడూ ఫోను మీదికే పోతుంది. "ఈ ఫోన్లో రాత్రిపూట బాగ రావబ్బా" అని తీర్పు. నెల తిరక్కుండా వాయిదాల మీద కొత్త ఫోను. అందులోనూ అదే మసక, కాకపోతే మెగాపిక్సెళ్ళు ఎక్కువ. ఫోను నిర్దోషి అని ఇక్కడ లెక్కతో సహా నిరూపించదలచుకున్నాం. దీపాలు దట్టంగా వెలిగే బజారులో ఉండే వెలుతురు పట్టపగటి ఎండలో సుమారు వెయ్యో వంతు. పగలు 1/500 సెకనులో తెమిలే ఫొటోకు రాత్రి రెండు సెకన్లు కావాలి. లెన్స్ కొంచెం తెరిచి, ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే చురుకు, కొంచెం పెంచి బేరమాడితే, కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్స్ ఎఫ్ 5.6, ఐఎస్ఓ 200 దగ్గర అర సెకనుకు దిగుతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. ఇంకా తగ్గించమంటే ఐఎస్ఓ పెరుగుతుంది, దాంతో పాటు చెంపల మీద ఇసుక చల్లినట్టు గరుకూ పెరుగుతుంది. కాబట్టి ప్రకృతి మన దగ్గర కోరేది అర సెకను నిశ్చలత్వం. ఆ అర సెకనులోనే మనవాళ్ళు పైట సర్దుకుంటారు, మీసం దువ్వుకుంటారు, పక్కన పోయే వాళ్ళ బండి ఏ మోడలో చూస్తారు.

ఫోన్లో నైట్ మోడ్ అని ఒకటుంది. అది చేసే పని తెలుసుకుంటే దాని మీద జాలి పుడుతుంది. మీట నొక్కగానే అది ఒక్క ఫొటో తీయదు. రెండు మూడు సెకన్ల పాటు వరసగా చాలా తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గరుకు తగ్గించి ఒకటిగా ఇస్తుంది. గోవిందరాజస్వామి గుడి ముందున్న ఏడంతస్తుల గోపురం మట్లి రాజుల కాలం నుంచీ కదలకుండా నిలబడటం సాధన చేసింది గనుక పేర్పులో ఎక్కడి రాయి అక్కడే కుదురుతుంది. ఇల్లాలి సంగతి వేరు. "ఇంగా ఎంతసేపబ్బా?" అనడానికి నోరు తెరిచిన ఫ్రేము, అనేసి మూసిన ఫ్రేము, జవాబు రాలేదని మళ్ళీ తెరిచిన ఫ్రేము, మూడూ ఒకే మొహం మీద పడతాయి. "కదలబాక" అని హెచ్చరించడం వల్ల లాభం లేదు. "నేనేడ కదిల్నా?" అనే సమాధానం రావడానికే దవడ కదలాలి.

ఆడవాళ్ళనే అంటున్నామని అపోహ వద్దు. ఫోను ఆమె చేతిలోకి పోయినప్పుడు అయ్యగారి కథ ఇంకా గొప్పగా ఉంటుంది. ఆయన ఎదురుగా నిలబడగానే బొజ్జ లోపలికి లాగి ఊపిరి బిగబడతాడు. పట్టు సరిగ్గా నైట్ మోడ్ సగంలో సడలుతుంది. మొహం స్పష్టంగా, నడుము మబ్బుగా వచ్చిన మగవాళ్ళ ఫొటోలన్నిటికీ కారణం ఇదే. ఊపిరి మామూలుగా వదిలేసి, వీపును ఏ గోడకో కరెంటు స్తంభానికో ఆనించమనండి. తీసే మనిషి మోచేతులు రెండూ పక్కటెముకలకు అదిమి పెట్టుకోవాలి. మీట వేలితో నొక్కితే ఆ నొక్కుడుకే ఫోను ఊగుతుంది గనుక 2 సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. టైమర్ వద్దనుకుంటే వరసగా ఐదు తీయండి. మొదటి దానిలో వేలి కుదుపు ఉంటుంది, మధ్యవి తరచుగా బాగుంటాయి.

ఇక ఫ్లాష్ అనే మూఢవిశ్వాసం. అలిపిరి దగ్గర నిలబడి, పైన కొండ మీద గాలిగోపురం దగ్గర వెలిగే శంఖు, నామం, చక్రాల వైపు ఫోను ఎత్తి ఫ్లాష్ కొట్టే భక్తులు ప్రతి రాత్రీ కనబడతారు. ఫోను ఫ్లాష్ పనికొచ్చేది రెండు మూడు మీటర్ల దాకా. కెమెరా నెత్తిన లేచే చిన్న ఫ్లాష్ కూడా ఎఫ్ 4, ఐఎస్ఓ 100 దగ్గర మూడు మీటర్లు దాటితే నీరసించిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, అదీ దాని తత్వం. కొండకు అందేది శూన్యం, ముందున్న మనిషి మొహానికి అందేది సున్నం. ఫ్లాషే కావాలనుకుంటే స్లో సింక్ పెట్టండి: ఫ్లాష్ బలాన్ని ఒకటి నుంచి రెండు స్టాపులు, అంటే సగానికో పావు వంతుకో, తగ్గించి, షట్టర్ అనే కెమెరా తలుపును పావు సెకను తెరిచి ఉంచితే, మొహం ఫ్లాష్ వెలుతురులో, వెనక దీపాలు వాటి సొంత వెలుతురులో పడతాయి. కాకపోతే ఫ్లాష్ మెరవగానే 'అయిపోయింది' అనుకుని మనిషి నడక మొదలుపెడుతుంది. షట్టర్ మూసుకుందాకా ఆగాలని పురోహితుడి చేత చెప్పించినా ఎవరూ వినరు.

దానికంటే బట్టల షాపు మేలు. గాంధీ రోడ్డులో వెలిగే ఏ షోకేసు అయినా ఉచిత స్టూడియోనే. మనిషిని అద్దానికి రెండు మీటర్ల దూరంలో, మొహం షోకేసు వైపు ఉండేలా నిలబెట్టి, మీరు అద్దం పక్కగా నిలబడి తీయండి. వెనక వీధి దీపాలు పది మీటర్ల అవతల ఉంటే, 50 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర అవి మెత్తని గుండ్రాలై పడతాయి. ఐఎస్ఓ 1600 పెడితే షట్టర్ 1/100కి వస్తుంది, అర సెకను గండం తప్పుతుంది. వీధి దీపం సరిగ్గా నెత్తిమీద ఉన్న చోట మాత్రం నిలబెట్టొద్దు. కనుగుంతల్లో నీడ పడి అమ్మవారి శాంతమూర్తి ఉగ్రమూర్తి అవుతుంది. షోకేసు పద్ధతిలో ఉన్న లోపం ఒక్కటే, తీసిన తర్వాత జంటలో ఒకరు షాపు లోపలికి వెళ్ళిపోతారు. ఆ ఖర్చు లెన్స్ ఖర్చును మించుతుంది.

దీపాల సంగతికొద్దాం, ఎందుకంటే అవీ మనుషుల కంటే నిలకడైనవేమీ కావు. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా ఎల్ఈడీ సీరియల్ సెట్లు కంటికి తెలియకుండా సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుంటాయి, చవకరకం అందులో సగమే. 'దీపాలు ప్రకాశవంతంగా ఉన్నాయి కదా' అని 1/1000 సెకనుకు తీస్తే ఫొటోకు అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి, లేదా వెలగని బల్బులే దొరుకుతాయి. అంకెలు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చాలావరకు పోతాయి. పరుగెత్తే సీరియల్ సెట్లతో ఇంకో చిక్కు. బల్బుల తోరణంలో స్వామి చేతి చక్రం తిరుగుతున్నట్టు కనబడాలని ఒక వరస ఆర్పి ఇంకో వరస వెలిగిస్తుంటారు. మీరు 1/100లో తీస్తే శంఖం ఉంటుంది, చక్రం ఉండదు. ఇంకోసారి తీస్తే చక్రం ఉంటుంది, కిరీటం ఉండదు. స్టాండు మీద పెట్టి మూడు నాలుగు సెకన్లు తెరిస్తే ఒక ఆవృత్తం పూర్తయి అన్నీ వెలిగినట్టే పడతాయి. ఎఫ్ 11, ఐఎస్ఓ 100తో మొదలుపెట్టి, బల్బుల రంగు పోయి తెల్లముద్ద అయితే లోపలికి వచ్చే వెలుతురు ఇంకా తగ్గించుకోండి. ఫోనులో అయితే బల్బుల మీద వేలు పెట్టి నొక్కిపట్టి, వెలుతురు తగ్గించే ఎక్స్‌పోజర్ గీతను కిందికి లాగాలి. నీలం, ఎరుపు ఎల్ఈడీలు అన్నిటికంటే ముందు మాడిపోతాయి. స్వామి మూడు సెకన్లకు సిద్ధమే. పక్కన నిలబడ్డ అల్లుడుగారే సిద్ధంగా లేడు.

అసలు వచ్చే వేళే తప్పు. అక్టోబరు మొదట్లో తిరుపతిలో సూర్యాస్తమయం ఇంచుమించు 6 గంటలకు. 6:15 నుంచి 6:30 దాకా ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, శేషాచలం అంచు గీసినట్టు కనబడుతుంది, కింద దీపాలు అప్పుడే వెలిగి ఉంటాయి. రెండిటి వెలుతురూ సమతూకంలో ఉండేది ఆ పావుగంటే. ఉష్ణమండలం గనుక ఎక్కువసేపు సాగదు. ఆ పావుగంట మన జంట ఇంట్లోనే ఉంటుంది. బండి తాళం కనబడదు, జడలో పూలు కుదరవు, టిఫిను చేసి పోదామంటారు. 8:30కి వచ్చి చూస్తే ఆకాశం తారు. కొండ లేదు, గోపురం గాల్లో వేలాడుతుంటుంది. "ఫొటోలో కొండ పడలేదేంది?" అని ఫోన్ని అడుగుతారు.

కారులో ఏసీ వేసుకుని వచ్చేవాళ్ళకు అదనపు శిక్ష ఉంది. చల్లబడ్డ లెన్స్ బయటి ఉక్కలోకి రాగానే మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్ళీ పడుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగడమే మందు, లేదా దిగడానికి ముందే ఏసీ ఆపేసి అద్దాలు దించాలి. ఆవిరి కాకపోతే నెయ్యి. లడ్డూ తిన్న వేళ్ళతో ఫోను తీస్తే వెనకనున్న కెమెరా గాజు మీద సన్నటి పొర పడి, ప్రతి దీపం నుంచీ ఒక వెలుతురు చార ఈటెలా బయలుదేరుతుంది. దాన్ని దైవ మహిమగా ఫార్వర్డ్ చేసినవాళ్ళున్నారు. కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డ ఒకటి జేబులో ఉంటే మహిమ పోతుంది. పెద్ద కెమెరా వాళ్ళు లెన్స్ ముందున్న యూవీ ఫిల్టర్ రాత్రికి విప్పేయాలి. లేకపోతే ప్రతి దీపానికీ తలకిందులుగా ఒక ప్రతిబింబం గాల్లో తేలుతుంది.

గరుడ వారధిగా పుట్టి, 2023లో శ్రీనివాస సేతుగా ప్రారంభమై, మళ్ళీ గరుడ వారధి అయిన ఫ్లైఓవర్ మీద బండ్ల దీపాలు ఎర్రటి, తెల్లటి దారాలుగా రావాలని కుర్రజంటలకు కోరిక. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11, పది పదిహేను సెకన్లు. పేరు ఏదైనా దారాలు ఒకేలా వస్తాయి. పైన నిలబడితే మాత్రం రావు. బస్సు పోయినప్పుడల్లా వంతెన సన్నగా వణుకుతుంది, ఆ వణుకు స్టాండు కాళ్ళలోంచి కెమెరాకు ఎక్కుతుంది. దారాలు ఈసీజీ కాగితంలా వస్తాయి. పైన ఆగడం ప్రాణానికీ చేటు, ట్రాఫిక్ పోలీసుకూ పని. పక్కన ఏ మేడ మీదనుంచో తీయండి. స్టాండు మధ్య గొట్టం పైకి లాగకండి, కెమెరా సంచి దానికే తగిలించండి, స్టాండు మీద ఉన్నంతసేపు లెన్స్‌లో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్ ఆపేయండి. ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆపి ఊరి దీపాలు తీద్దామన్న ఆలోచన వస్తే చిరుతలను తలచుకోండి. తిరుమలలో డ్రోను నిషేధం, గుడిలోకి ఫోనూ కెమెరా పోవు. ఆ కాసేపు ఆలుమగలు ఏం చేయాలో తోచక దర్శనం చేసుకుంటారు.

దీపావళికి కాకరపువ్వొత్తితో గాల్లో ఇల్లాలి పేరు రాసే ముచ్చట ఒకటి బయలుదేరింది. చీకటి మిద్దె, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, ఎనిమిది సెకన్లు, ముదురు రంగు నూలు బట్టలు, పక్కన బకెట్లో నీళ్ళు. రాసేవాడు కెమెరా వైపు తిరిగి మామూలుగా రాస్తే అక్షరాలు తిరగబడి పడతాయి. తర్వాత ఫోనులో తిప్పితే సరి, వెనక షాపు బోర్డు ఉంటే అది తిరగబడుతుంది. గుండ్రటి తెలుగు అక్షరాలు ఒక ఊపులో బాగానే వస్తాయి, తలకట్టు దగ్గరే తంటా. చెయ్యి ఎత్తి మళ్ళీ పెడితే ఎత్తిన గీత కూడా పడుతుంది. కాకరపువ్వొత్తి బదులు చిన్న టార్చి తీసుకుని, అక్షరానికీ అక్షరానికీ మధ్య బొటనవేలితో మూయడం తెలివైన పద్ధతి. పేరు పొడుగైతే ఎనిమిది సెకన్లు చాలవు. 'సుబ్బలక్ష్మి' అని మొదలుపెట్టి 'సుబ్బల' దగ్గర షట్టర్ మూసుకుంటే ఆ పండుగ ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు.

ఇవన్నీ విచారించి ప్రభుత్వానికి, దేవస్థానం కల్యాణకట్టకు కాకపోయినా కల్యాణమండపాల వారికి ఒక మనవి. అష్టకూటాల్లో 36 గుణాలకు తోడు తొమ్మిదోదిగా నిశ్చల కూటం చేర్చాలి. పెళ్ళిచూపుల్లో టిఫిను ప్లేట్లు తీసేశాక ఇద్దరినీ సీరియల్ సెట్ వేసిన గుమ్మం ముందు నిలబెట్టి, స్టాండు మీద కెమెరా పెట్టి, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 200, అర సెకను, ఐదు ఫొటోలు. ఆ ఐదులో మూడు ఫొటోల్లో ఇద్దరి మొహాలూ తేటగా వస్తే లగ్నపత్రిక రాయించవచ్చు. ఒకరు రాయిలా నిలబడి రెండోవారు పొగలా పడితే ఆలోచించుకోవాలి. ఇద్దరూ సమానంగా మసకబారితే మాత్రం నిరభ్యంతరంగా చేసేయండి, జీవితాంతం ఒకరినొకరు తప్పు పట్టలేరు.

ఇంత చేసి ఒక ఫొటో కుదిరిందనుకుందాం. ఆకాశం నీలం, తోరణం నిండుగా వెలుగుతోంది, ఇద్దరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో మామూలుగా పెడితే అది కుదించేసి, నీలి ఆకాశాన్ని గళ్ళుగళ్ళు చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. పంపితే మదనపల్లె అత్త తెరవడానికి రెండు రోజులు పడుతుంది. తెరిచాక బదులు వస్తుంది: "స్వామి బాగున్నాడు. మీరు పోలేదా?"